జలపాతం పక్కనున్న రాయిని చూడండి

అమెరికాలో ఛార్లెట్, అట్లాంటా వైపు ఉండే తెలుగు కుటుంబాలకి లాంగ్ వీకెండ్ దొరికితే కారులో వెళ్ళొచ్చే కొండల్లో ట్రాన్సిల్వేనియా కౌంటీ ఒకటి. నార్త్ కరొలైనా రాష్ట్రంలో పడమటి మూల ఉంది. బ్రెవార్డ్ అనే చిన్న ఊరు దాని ముఖ్య పట్టణం. 2020 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తానికి తేలింది సుమారు 33 వేల మంది. మన దగ్గర ఒక మండలంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. జలపాతాలు మాత్రం 250కి పైనే ఉన్నాయి.

పులిహోర కట్టుకుని, ఫోన్లో లిస్టు పెట్టుకుని వచ్చినవాళ్ళు ఒక్కరోజులో అయిదారు జలపాతాలు చూసేస్తారు. లుకింగ్ గ్లాస్ ఫాల్స్ అయితే 276 నంబరు రోడ్డు మీద కారు దిగగానే ఎదురుగా 60 అడుగుల ఎత్తునుంచి పడుతూ కనిపిస్తుంది. ఫోటో దిగి, మళ్ళీ కారెక్కి, తర్వాతదానికి. అలా తిరగడంలో తప్పేం లేదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నీళ్ళని ఎలాగూ చూస్తారు, ఆ పక్కనుండే తడి రాయిని కూడా పది నిమిషాలు చూడండి. ఆ నీళ్ళు అక్కడికి ఎందుకొచ్చాయో, ఆ తడిలో ఎవరు బతుకుతున్నారో ఆ రాయి చెబుతుంది.

ముందు, ఇంత చిన్న చోట ఇన్ని జలపాతాలు ఎలా వచ్చాయో చూద్దాం. అప్పలాచియన్ కొండలు హిమాలయాల్లాంటి కుర్రకొండలు కావు. కోట్ల ఏళ్ళుగా అరిగి, గుండ్రబడి, అడవి కప్పుకున్న పాత కొండలు. అలాంటి చోట నదులు ఈపాటికి నెమ్మదించి, చదునైన లోయల్లో మెల్లగా పారుతూ ఉండాలి. ఈ కౌంటీ ఉత్తర భాగంలో ఫ్రెంచ్ బ్రాడ్ నది నిజంగానే అలా పారుతుంది. దక్షిణం వైపు వెళ్తే మాత్రం నేల ఒక్కసారిగా దిగిపోతుంది.

దానికి కారణం కౌంటీ మీదుగా సాగే ఒక నీటి సరిహద్దు. దానికి ఉత్తరాన పడిన వాన ఫ్రెంచ్ బ్రాడ్‌లో చేరి, టెనెసీ, ఒహాయో, మిసిసిపీ నదుల గుండా గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా వేల కిలోమీటర్లు వెళ్తుంది. దక్షిణాన పడిన వాన టాక్సవే, హార్స్‌పాశ్చర్, వైట్‌వాటర్ లాంటి చిన్న నదుల్లో పడి, సవానా నది ద్వారా కొన్ని వందల కిలోమీటర్లలోనే అట్లాంటిక్‌ని చేరుకుంటుంది. దిగాల్సిన ఎత్తు ఇద్దరికీ ఒకటే. దగ్గరి దారిన పోయే నదికి వాలు ఎక్కువ. వాలు ఎక్కువైతే వేగం, వేగంతో పాటు కోత. లక్షల ఏళ్ళుగా దక్షిణపు నదులు కొండని కోసుకుంటూ వచ్చి ఒక పెద్ద అంచుని నిలబెట్టాయి. బ్లూ రిడ్జ్ ఎస్కార్ప్‌మెంట్ అంటే అదే. గార్జెస్ స్టేట్ పార్కులో 4 మైళ్ళ దూరంలోనే నేల 2,000 అడుగులు లేస్తుంది.

ఈ అంచు కదలకుండా ఉన్నది కాదు. చాలా నెమ్మదిగా లోపలికి జరుగుతూ, అవతలివైపు నదుల పైభాగాల్ని కోసి తనవైపు తిప్పేసుకుంటుంది. పక్కనే జార్జియా సరిహద్దులో ఇది జరిగిన ఆనవాలు స్పష్టంగా ఉంది. టలూలా, చటూగా నదులు ఒకప్పుడు చాటహూచీ నదిలోకి పోయేవి. సవానా ఉపనది వాటిని మధ్యలో పట్టేసింది. మ్యాపులో ఆ నదులు నైరుతి దిక్కుగా వస్తూ వస్తూ హఠాత్తుగా ఆగ్నేయానికి తిరిగిన మలుపు ఈరోజుకీ చూడొచ్చు.

నది కోత ఎప్పుడూ కిందినుంచి పైకి ఎక్కుతుంది. మెత్తటి రాయి దొరికితే చకచకా ఎక్కేస్తుంది, గట్టి రాయి అడ్డొస్తే అక్కడ చిక్కుకుపోతుంది. అలా చిక్కుకున్న చోటే జలపాతం. నీటి సరిహద్దుకి ఉత్తరం వైపున్న డ్యూపాంట్ అడవిలో కూడా లిటిల్ రివర్ ఒకదాని వెంట ఒకటిగా హై ఫాల్స్, ట్రిపుల్ ఫాల్స్, హుకర్ ఫాల్స్ మీదుగా దూకేది ఇలాంటి గట్టి రాతి మెట్ల మీదుగానే. ఆ అడవి ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ము ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న కంపెనీ స్థలం. జలపాతాలున్న మధ్యభాగం ఇళ్ళ ప్లాట్లుగా మారబోతుంటే 2000లో రాష్ట్ర ప్రభుత్వం పరిహారమిచ్చి స్వాధీనం చేసుకుంది. ఈరోజు ఎవరైనా టికెట్ లేకుండా ట్రిపుల్ ఫాల్స్ చూడగలుగుతున్నారంటే ఆ నిర్ణయం వల్లే. చాలా మంచి పని చేశారు.

వాలు, గట్టి రాయి ఉంటే సరిపోదు, నీళ్ళు కావాలి. సముద్రాల మీదినుంచి వచ్చే తేమగాలి ఈ అంచుకి తగిలి పైకి లేస్తుంది. లేచిన గాలి చల్లబడి కురుస్తుంది. గార్జెస్ ప్రాంతంలో ఏడాదికి 80 అంగుళాలకి మించి, అంటే 2,000 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో కురిసేది దాదాపు 800. పైగా మనకి లాగా నాలుగు నెలల్లో కురిసి ఆగిపోయే వాన కాదు, ఏడాది పొడుగునా పడుతూనే ఉంటుంది.

అయినా వానలేని రెండు మూడు వారాలు అక్కడా వస్తాయి. అప్పుడు కూడా జలపాతం ఆగదు. మన కుంటాల, బొగత వేసవికి సన్నబడిపోవడం చూసినవాళ్ళకి ఇది వింతగానే ఉంటుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? ట్రాన్సిల్వేనియాకి పడమరగా ఉన్న మేకన్ కౌంటీలో కవీటా అనే జలపరిశోధన కేంద్రం 1934 నుంచి కొండవాగుల్ని కొలుస్తోంది. 1960ల మొదట్లో అక్కడి శాస్త్రవేత్తలు కొండవాలు మీద పొడవాటి కాంక్రీటు తొట్టి కట్టి, అక్కడి మట్టితోనే నింపి, బాగా నానబెట్టారు. ఇక వాన పడకుండా, ఆవిరైపోకుండా పైన కప్పేసి, కింది చివర ఎంత నీరు కారుతోందో చూస్తూ కూర్చున్నారు. నెలల తరబడి కారుతూనే ఉంది. అడుగున ఊట లేదు, చెరువు లేదు. మట్టి పట్టుకున్న తడే కొద్దికొద్దిగా జారి వస్తోంది. ఇక్కడి కొండల మీద, అడవి కింద, శిథిలమైన రాయీ మట్టీ కలిసి చాలా మందంగా పేరుకుని ఉన్నాయి. వాన లేని రోజున మనం చూసే జలపాతంలో పడుతున్నవి చాలావరకు ఆ మట్టిలోంచి కారిన పాత నీళ్ళే.

ఇక రాయి సంగతి. వైట్‌వాటర్ ఫాల్స్ కౌంటీ సరిహద్దులో 411 అడుగులు దిగుతుంది. అది దిగే రాయి పేరు టాక్సవే నైస్ (gneiss). తెలుపు, నలుపు చారలు వంకర్లు తిరిగి ఉంటాయి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఖనిజాలు వరసలుగా సర్దుకుని, మెత్తబడి మడతలు పడిన గుర్తులవి. దాని వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. ఈ సంఖ్య చదివినప్పుడు నాకు అరకు గుర్తొచ్చింది. తూర్పు కనుమల్లోని రాళ్ళు అంతటి వేడిలో మాగినది కూడా ఇంచుమించు వంద కోట్ల ఏళ్ళ కిందటే. అప్పట్లో ఖండాలన్నీ ఒకదానికొకటి గుద్దుకుని రొడీనియా అనే మహాఖండంగా కలుస్తున్నాయి. మన తూర్పు తీరం అంటార్కిటికాని ఢీకొంటే, ఉత్తర అమెరికా ఈ వైపున మరో ఖండాన్ని ఢీకొంది. రెండు కొండలూ ఎన్నడూ పక్కపక్కన ఉన్నవి కావు. ఒకే కాలంలో, ఒకే రకం తాకిడిలో తయారైన రాళ్ళు మాత్రం రెండుచోట్లా కాలికింద ఉన్నాయి.

అలాంటి లోతుల్లో తయారైన రాయి మీదినుంచి కిలోమీటర్ల బరువు అరిగిపోతే, రాయి కాస్త ఉబ్బి, ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా పగులుతుంది. పై పొర ఊడిపోతే కింద నున్నటి పొర బయటపడుతుంది. కొండమీద అంతంత పెద్ద నున్నటి బండలు కనబడటానికి ఇదొక ముఖ్యకారణం. పిస్గా జాతీయ అటవీ ప్రాంతంలో స్లైడింగ్ రాక్ అని 60 అడుగుల జారుడు బండ ఉంది. నిమిషానికి సుమారు 11 వేల గ్యాలన్లు, అంటే 40 వేల లీటర్ల నీళ్ళతో పాటు పిల్లలు కేకలేస్తూ కింది మడుగులోకి జారుతుంటారు. అరకు దగ్గర చాపరాయిలో ఆడుకున్నవాళ్ళు అక్కడికి వెళ్తే తమ ఊరికి వచ్చినట్టే అనుకుంటారు. కాకపోతే నీళ్ళు ఎండాకాలంలో కూడా ఒళ్ళు జివ్వుమనేంత చల్లన.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు మూర్ కోవ్. రోడ్డు మీదినుంచి మైలుకి తక్కువే నడక, చిన్నపిల్లలూ నడవగలరు. 50 అడుగుల ఎత్తునుంచి నీళ్ళు రాతిని ముట్టుకోకుండా సన్నగా పడతాయి. కింది రాయి పై రాయికన్నా త్వరగా అరిగి గుహలా లోపలికి పోవడంతో జలపాతం వెనక్కి వెళ్ళి నిలబడొచ్చు. చాలామంది అక్కడ బయటివైపు తిరిగి ఫోటో తీసుకుంటారు. వెనక్కి తిరిగి గోడని చూడాలి.

జలపాతం తుంపర్లు పడే గోడల వాతావరణం చుట్టుపక్కల అడవిది కాదు. నీళ్ళు, రాయి కలిసి ఎండలో వేడెక్కనివ్వవు, చలికాలంలో మరీ చల్లబడనివ్వవు. గాలిలో తేమ ఎప్పుడూ తగ్గదు. అందుకే బయట మంచు కురిసే ఈ కొండల్లో, ఉష్ణమండలానికి చెందిన ఫెర్న్ జాతుల బంధువులు ఇలాంటి రాతి సందుల్లో దాక్కుని బతుకుతున్నాయి. కొన్నిటి ఆకు మందం ఒకే ఒక్క కణం. వెలుతురుకి ఎదురుగా పెడితే దానిలోంచి అవతలికి కనిపిస్తుంది. కాసేపు పొడిగాలి తగిలితే ముడుచుకుపోతుంది.

వీటిలో మరీ ఆశ్చర్యపరిచేది అప్పలాచియన్ విటేరియా. దీని గురించి చెప్పాలంటే ఫెర్న్ బతుకు గురించి రెండు మాటలు చెప్పాలి. మనం కుండీలో చూసే ఫెర్న్ దాని జీవితంలో సగభాగమే, సిద్ధబీజదం అంటారు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలుంటాయి, వాటిలోంచి ధూళిలాంటి సిద్ధబీజాలు గాలికి ఎగిరిపోతాయి. ఒకటి తడినేల మీద పడితే మొలిచేది ఫెర్న్ కాదు. గోరంత కూడా ఉండని పల్చటి ఆకుపచ్చ పొర, సంయోగబీజదం. దానిమీద ఆడ, మగ కణాలు తయారై, నీటి బొట్టులో ఈదుకుంటూ కలిసి, అప్పుడు కొత్త ఫెర్న్ పుడుతుంది.

అప్పలాచియన్ విటేరియా ఈ చక్రాన్ని పూర్తిచేయడం మానేసింది. ప్రకృతిలో దీని ఎదిగిన ఫెర్న్ ఎక్కడా లేదు. చీకటి రాతి అరల్లో, నాచు మధ్యలో, చిన్న చిన్న ఆకుపచ్చ రిబ్బన్లు చిక్కుపడినట్టుండే పొరగానే తరాలు గడిపేస్తుంది. దాని అంచున జెమ్మాలనే కొద్ది కణాల ముక్కలు పుడతాయి. అవి విడిపోయి కొత్త పొరలవుతాయి. దీనికి 1991లో గాని ఒక జాతిగా పేరు పెట్టలేదు. దగ్గరి చుట్టాలేమో ఉష్ణమండలపు అడవుల్లో పొడుగాటి ఆకులతో చెట్లకి వేలాడే ఫెర్న్‌లు.

మరి ఎప్పుడు మానేసింది? దానికి ఆధారం అది ఎక్కడ లేదన్న దాంట్లో ఉంది. అలబామా, జార్జియా నుంచి న్యూయార్క్ దక్షిణపు అంచు దాకా ఉంది, గత మంచుయుగంలో హిమఫలకాలు కప్పిన నేల మొదలైన చోట ఆగిపోయింది. మంచు కరిగిపోయి వేల ఏళ్ళయినా ఆ గీత దాటలేదు. జెమ్మాలు సిద్ధబీజాలకన్నా బాగా పెద్దవి. గాలిలో దూరం పోలేవు, నీటిబొట్టుతో పక్కరాయి దాకా వెళ్ళడమే గొప్ప. కాబట్టి మంచు వెనక్కి తగ్గేనాటికే ఇది సిద్ధబీజాలు తయారుచేసే శక్తి కోల్పోయి ఉండాలని పరిశోధకుల వాదన. నాకు ఆ వాదన నమ్మశక్యంగానే ఉంది. అంటే ఒక సందులో దాన్ని గీకేస్తే, దూరంనుంచి గాలిలో ఎగిరొచ్చి ఆ చోటు నింపేది ఏదీ ఉండదు. అందుకే ఆ గోడల మీద పేర్లు చెక్కే వాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది.

రాయి కిందా జనమున్నారు. ఊపిరితిత్తుల్లేకుండా చర్మంతోనే గాలి పీల్చే సాలమాండర్లకి (చూడ్డానికి బల్లిలా ఉండే, కప్పల చుట్టాలైన ఉభయచరాలు) ఈ కొండలు ప్రపంచంలోనే పెద్ద స్థావరం. వాగుల్లోనైతే రెండడుగుల దాకా పెరిగే హెల్‌బెండర్ అనే సాలమాండర్ పెద్ద పలకరాళ్ళ కింద కాపురముంటుంది, గుడ్లు పెట్టేదీ అక్కడే. ఫోటో కోసం వాగులో రాళ్ళు ఎత్తి గోపురంలా పేర్చడం మనవాళ్ళతో సహా అందరికీ సరదా. దయచేసి వద్దు.

నీళ్ళు ఎప్పుడూ ఇంత నెమ్మదిగా ఉండవు. 1916 ఆగస్టులో టాక్సవే సరస్సు ఆనకట్ట తెగి, నది లోయలో మట్టినీ చెట్లనూ ఊడ్చుకుపోయింది. అది తెచ్చి పడేసిన బండల గుట్టలు ఇంకా ఉన్నాయి. 2024 సెప్టెంబరు 27న హెలీన్ తుఫాను ఈ పడమటి కొండల్ని ముంచేసినప్పుడు కొండచరియలు విరిగిపడి, నడకదారులు, వంతెనలు కొట్టుకుపోయాయి. అందువల్ల బయల్దేరే ముందు ఏ దారి తెరిచి ఉందో అటవీశాఖ పేజీలో చూసుకోవడం అవసరం.

ప్రమాదాల మాట కూడా చెప్పాలి. తడి రాయి మీద కంటికి కనపడని శైవలాలు జిగురుపొర కడతాయి. దానిమీద మంచి షూ కూడా పట్టు నిలవదు. హార్స్‌పాశ్చర్ నదిలో టర్టిల్‌బ్యాక్ దగ్గర ఈతకి దిగినవాళ్ళు కొద్ది దూరంలోనే ఉన్న రెయిన్‌బో ఫాల్స్ మీదినుంచి కొట్టుకుపోయిన సంఘటనలున్నాయి, ఆ ఎత్తు దాదాపు 150 అడుగులు. జలపాతం నెత్తికి ఎక్కడం, అంచున సెల్ఫీ తీసుకోవడం మానుకోండి. పైనుంచి కనిపించేది నీళ్ళు మాయమయ్యే గీత ఒక్కటే. చారల రాయి, తుంపర్ల గోడ, ఫెర్న్‌లు అన్నీ కనిపించేది కిందినుంచే. ఆకులు రాలిన నవంబరు తర్వాత వెళ్తే జనమూ తక్కువ, రాయీ బాగా కనిపిస్తుంది. ఫోన్ టార్చి వేసి చూడొచ్చు, కానీ గోడని ముట్టుకోకండి.