వేటగాళ్ల పత్రికే దొంగవేటని ఆపించింది

అమెరికాలో ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ అనే వేట, చేపల పత్రికని 2024లో కంట్రీ సింగర్లు ఎరిక్ చర్చ్, మోర్గన్ వాలెన్ కలిసి కొని మళ్లీ ప్రింట్‌లోకి తెచ్చారు కదా, ఆ పత్రికలో ఎప్పుడో కలిసిపోయిన ఇంకో పత్రిక ఉంది, నాకైతే దాని కథే ముఖ్యం.

1873లో చార్లెస్ హాలక్ న్యూయార్క్‌లో ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్ అనే వీక్లీ పెట్టాడు. వేట, చేపలు, తుపాకులు, కుక్కలు, ఇవే కబుర్లు. 1880లో జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ చేతికొచ్చాక దాని దారే మారింది. సరదాకి వేటాడేవాళ్లు వేరు, అమ్ముకోడానికి మందలకి మందలే చంపేవాళ్లు వేరు అని ఆయన రాస్తూనే ఉన్నాడు. 1885లో థియోడర్ రూజ్‌వెల్ట్ (తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు) రాసిన వేట పుస్తకంలో గ్రిన్నెల్ తప్పులు పట్టి రివ్యూ రాస్తే రూజ్‌వెల్ట్ నేరుగా ఆఫీసుకే వచ్చేశాడు, మాటల్లో స్నేహం కుదిరి రెండేళ్లకి వేట జంతువుల్ని కాపాడాలని బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు.

ఇక 1894 మార్చి. యెల్లోస్టోన్ పార్కులో మంచు మధ్య ఎడ్గర్ హోవెల్ అనేవాడు బైసన్లని (అమెరికా అడవి దున్నల్ని) చంపి తోలు వలుస్తున్నాడు. పార్కులో గస్తీ తిరిగే స్కౌట్ ఫెలిక్స్ బర్గెస్ స్కీల మీద వాడి దగ్గరిదాకా వెళ్లిపోయాడు, గాలి ఎదురుగా ఉండటంతో వాడి కుక్క కూడా పసిగట్టలేదు. పట్టుకున్నారు సరే, శిక్ష వెయ్యడానికి చట్టమే లేదు, సామాను లాక్కుని పార్కులోంచి గెంటెయ్యడం తప్ప! సరిగ్గా అప్పుడే ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్ రిపోర్టర్ ఎమర్సన్ హఫ్ పార్కులోనే ఉన్నాడు, కబురు వెంటనే న్యూయార్క్‌కి పంపాడు, గ్రిన్నెల్ వదల్లేదు, జనం కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) మీద ఒత్తిడి పెంచారు. మే 7న చట్టం వచ్చేసింది, రెండేళ్ల దాకా జైలు, 1000 డాలర్ల దాకా జరిమానా. అయినా 1902 నాటికి అక్కడ అడవి బైసన్లు రెండు డజన్లే మిగిలాయి. అంత అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చిన మంద అది, ఇవాళ వేలల్లో ఉంది.

గ్రిన్నెల్ 1911లో తప్పుకున్నాడు. తర్వాత వీక్లీ కాస్తా మంత్లీ అయింది, చివరికి 1930లో, 1895లో మొదలైన ఫీల్డ్ అండ్ స్ట్రీమ్‌లో కలిసిపోయింది. ఆ పెద్ద పత్రిక కూడా చేతులు మారుతూ మారుతూ కొన్నేళ్లు ఉత్త డిజిటల్‌గా బతికి ఇప్పుడు మళ్లీ కాగితం మీదకొచ్చింది, ఏడాదికి రెండు సంచికలతో.