ఆల్బర్ట్ స్క్వేర్‌లో పెరిగిన పాప: జనీన్ బుచర్ వెనక కథ

బీబీసీ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్ చూసేవాళ్ల దగ్గర జనీన్ బుచర్ పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది స్కాట్లాండ్ కొండలే. 2003 చివర్లో ఆమె బ్యారీ ఎవాన్స్‌ను పెళ్లి చేసుకుంది. బ్యారీ అమాయకుడు, మంచివాడు, చేతిలో కాస్త డబ్బున్నవాడు. ఆ డబ్బు కోసమే ప్రియుడు పాల్ ట్రూమన్‌తో కలిసి జనీన్ ఈ పెళ్లికి పథకం వేసింది. పెళ్లయిన వెంటనే కొండ మీద, నువ్వంటే నాకు ఎప్పుడూ ఇష్టం లేదని భర్త మొహం మీదే చెప్పేసింది. అయినా అతను వదులుకోలేక దగ్గరకు రాబోతే తోసేసింది. బ్యారీ జారిపడి తలకు దెబ్బ తగిలి కింద పడి ఉంటే, సాయం కోసం ఎవర్నీ పిలవకుండా ప్రాణం పోయేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు బ్రిటిష్ టీవీలో కుట్రలు చేసే ఆడవాళ్ల లెక్క తీసినప్పుడల్లా ఆమె పేరు పై వరసలోనే ఉంటూ వచ్చింది. కానీ ఈ పాత్రను అర్థం చేసుకోవాలంటే కొండ దగ్గర మొదలుపెడితే సరిపోదు. ఇంకో పదిహేనేళ్లు వెనక్కి, ఆరేళ్ల పాప దగ్గరకు వెళ్లాలి.

ఈస్ట్‌ఎండర్స్ 1985 ఫిబ్రవరి 19న మొదలైంది. జూలియా స్మిత్, టోనీ హాలండ్ దీన్ని తయారుచేశారు. లండన్ తూర్పు వైపున వాల్‌ఫర్డ్ అనే ఊహా ప్రాంతం, అందులో ఆల్బర్ట్ స్క్వేర్ అనే చిన్న కూడలి, దాని మూల మీద క్వీన్ విక్ అనే పబ్బు. కథంతా ఇక్కడే. ఈ వీధిని నిజంగా కట్టింది మాత్రం లండన్ బయట బోరమ్‌వుడ్‌లో ఉన్న ఎల్‌స్ట్రీ స్టూడియోలో. రెండేళ్లు తిరక్కుండానే, 1986 క్రిస్మస్ రోజున ఆ పబ్బు యజమాని డెన్ తన భార్య ఆంజీకి విడాకుల కాగితాలు చేతిలో పెట్టిన ఎపిసోడ్‌ను 3 కోట్ల మంది చూశారు. ఆ స్థాయి సీరియల్ ఇది.

పాత కార్లు అమ్ముకునే ఫ్రాంక్ బుచర్ 1987లో ఈ కథలోకి వచ్చాడు. మైక్ రీడ్ వేసిన పాత్ర. భార్య చనిపోయింది, పిల్లలున్నారు. పాత ప్రేయసి ప్యాట్‌ను 1989లో పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది అతని చిన్న కూతురు జనీన్ వచ్చి చేరింది. తల్లి లేని పిల్ల, కొత్త ఇల్లు, కొత్త అమ్మ. ఆ పాప ప్యాట్‌ను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చిన్నప్పటి జనీన్‌గా ముందు రెబెక్కా మైకేల్, 1993 నుంచి అలెక్సియా డెమెట్రియూ నటించారు.

సవతి తల్లి అంటే మనకు కథల్లో ఒకటే రూపం కదా, పిల్లను రాచిరంపాన పెట్టే మనిషి. ఇక్కడ జరిగింది వేరు. ప్యాట్ మచ్చలేని మనిషేం కాదు. 1992 డిసెంబర్‌లో తాగి కారు నడిపి ఒక అమ్మాయి ప్రాణం తీసింది, జైలుకు వెళ్లొచ్చింది. కానీ పిల్లను వదిలిపోయింది మాత్రం కన్నతండ్రే. ఫ్రాంక్ 1994లో ఇన్సూరెన్స్ డబ్బు కోసం తన కార్ల స్థలానికి నిప్పు పెట్టించాడు. అక్కడ తలదాచుకున్న ఇల్లూవాకిలీ లేని కుర్రాడు ఆ మంటల్లో చనిపోయాడు. ఫ్రాంక్ ఆ భారం మోయలేక, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. పదకొండేళ్ల పిల్ల సవతి తల్లి ఇంట్లో మిగిలిపోయింది. ఎందుకు వెళ్లాడో ఆ వయసులో తనకేం అర్థమవుతుంది? నాన్నకు నేను అక్కర్లేదు అనుకుంటుంది, అంతే. 1996 నాటికి జనీన్ కూడా కథలోంచి వెళ్లిపోయింది.

1999లో తిరిగొచ్చినప్పుడు ఆ పాత్రలో ఛార్లీ బ్రూక్స్ ఉంది. ఫ్రాంక్ కూడా అప్పటికి వాల్‌ఫర్డ్‌లోనే ఉన్నాడు. క్వీన్ విక్ యజమానురాలు పెగ్గీ మిచెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. అయితే 2000లో, ప్యాట్‌తో మళ్లీ కలిసి పారిపోదామని చూసి దొరికిపోయాడు. వెళ్లిపోతున్నానని అతను రాసిన ఉత్తరాన్ని పెగ్గీ పబ్బులో అందరి ముందూ చదివింది. ఫ్రాంక్ మళ్లీ ఊరు విడిచి వెళ్లిపోయాడు. కూతురి వైపు నుంచి చూస్తే ఇది రెండోసారి. ఆ తర్వాతే జనీన్ కొకైన్‌కు, వ్యభిచారానికి, బ్లాక్‌మెయిల్‌కు దిగింది. గడప దాటాలంటేనే వణికిపోయే భయం పట్టుకుంది. ఆ రోజుల ఎపిసోడ్లలో ఆమె మీద కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది. డబ్బు చేతిలో లేకపోతే తనను ఎవరూ ఉంచుకోరని నమ్మిన మనిషి ఆమె.

ఇప్పుడు మళ్లీ బ్యారీ దగ్గరకు రండి. అతని తండ్రి రాయ్ ఎవాన్స్. ఫ్రాంక్ వెళ్లిపోయాక ప్యాట్ పెళ్లాడింది ఈ రాయ్‌నే. అంటే బ్యారీ కూడా ప్యాట్ సవతి కొడుకే! ఆమె చేతిలో మిగిలిన ఒక బిడ్డ, మరో బిడ్డను చంపేసింది. ఇది పట్టుకోకపోతే 2004లో ప్యాట్ చేసిన పని అర్థం కాదు. ఆ ఏడాది లారా బీల్ అనే ఆమె మెట్ల మీద పిల్లాడి బొమ్మ కాలికి తగిలి పడి చనిపోయింది. అనుమానం జనీన్ మీదకు వచ్చింది. ఈ చావుతో జనీన్‌కు సంబంధం లేదని ప్యాట్‌కు తెలుసు. బ్యారీకి న్యాయం జరగలేదని, పోలీసులకు ఆ నిజం చెప్పలేదు. చేసిన హత్యకు దొరకని జనీన్, చేయని హత్యకు లోపలికి వెళ్లింది. 2005లో ఫ్రాంక్ రెండు ఎపిసోడ్ల కోసం వచ్చి, నిజం చెప్పమని ప్యాట్‌ను ఒప్పించాడు. కూతురి కోసం అతను నిలబడిన సందర్భం అదొక్కటే అనిపిస్తుంది నాకు.

మైక్ రీడ్ 2007లో చనిపోయారు. మరుసటి ఏడాది కథలో ఫ్రాంక్ అంత్యక్రియలకే జనీన్‌ను వెనక్కి తెచ్చారు. తర్వాత ఒంటరి ముసలాయన దగ్గర వేరే పేరుతో చేరి డబ్బు కాజేయబోతుంటే ప్యాట్ కనిపెట్టింది. తర్వాత తన కడుపులో తనే కత్తి దించుకుని ఆ నేరం స్టేసీ అనే మరో ఆమె మీదకు నెట్టాలని చూసింది. 2013లో భర్త మైకేల్ మూన్ ఆమె గొంతు నులిమి చంపబోతే, అతన్ని పొడిచి చంపింది. కోర్టు విడిచిపెట్టింది.

ఇన్ని మలుపులు అవసరమా అని అడగొచ్చు. ఈ సీరియల్ వారానికి రెండు ఎపిసోడ్లతో మొదలైంది. 1994లో మూడు, 2001లో నాలుగు అయ్యాయి. అంత కథ కావాలంటే మామూలు కాపురాలు సరిపోవు, గొడవను వెంట తెచ్చే మనిషి కావాలి. మిగతా సీరియల్స్ కూడా ఇదే దారి పట్టాయి. ఎమర్‌డేల్‌లో క్లెయిర్ కింగ్ వేసిన కిమ్ టేట్, 1997లో భర్త గుండెపోటుతో కూలిపోతే చూస్తూ నిలబడి, మేకప్ అద్దం ముక్కు దగ్గర పెట్టి ఊపిరి ఆగిందో లేదో చూసుకుంది. గొప్ప సీను. కానీ కిమ్ ఆ ఊరికి పెద్దయ్యాకే వచ్చింది, ఆమె బాల్యం మనం చూడలేదు. జనీన్‌కు దగ్గరగా ఉండేది కరోనేషన్ స్ట్రీట్‌లోని ట్రేసీ బార్లో. 1977లో తెర మీదే పుట్టింది, నటీమణులు మారుతూ పెరిగింది, కేట్ ఫోర్డ్ చేతికి వచ్చాక 2007లో ప్రియుణ్ని చంపింది.

సినిమా రెండున్నర గంటల్లో ఒక ఫ్లాష్‌బ్యాక్ చూపించి విలన్ ఎందుకిలా అయిందో చెప్పేస్తుంది. ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్‌తో పనిలేదు. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడ్డ రోజుల్ని చూసిన ప్రేక్షకులే ఆమె హత్యనూ చూశారు. అందుకే వాళ్ల కోపంలో ఒక చుట్టరికం ఉంటుంది. 2012లో ఛార్లీ బ్రూక్స్ ఐయామ్ ఎ సెలబ్రిటీ అనే రియాలిటీ షోకు వెళ్తే, జనం ఓట్లేసి ఆమెనే గెలిపించారు.

అదే 2012 కొత్త సంవత్సరం రోజున ప్యాట్ చనిపోయింది. పామ్ సెయింట్ క్లెమెంట్ పాతికేళ్లు మోసిన పాత్ర అది. అప్పటికి జనీన్ గర్భవతి. కొన్ని వారాలకు కూతురు స్కార్లెట్ పుట్టింది. ఆ ఏడాదే జనీన్ పసిబిడ్డను మైకేల్ దగ్గర వదిలేసి వెళ్లిపోయింది, ఫ్రాంక్ వెళ్లినట్టే. మళ్లీ వచ్చింది, బిడ్డను తీసుకుంది, 2014లో వాల్‌ఫర్డ్ విడిచింది. 2021లో తిరిగొచ్చేసరికి స్కార్లెట్ ప్రభుత్వ సంరక్షణలో ఉంది. చిన్నప్పుడు జనీన్ స్క్వేర్‌లో అడుగుపెట్టిన వయసు కంటే అప్పటికి స్కార్లెట్ మూడేళ్లు పెద్దది.