ఒకరికి పట్టిన సూది ఇంకొకరికి ఎందుకు పట్టదు?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలకు నడుం నొప్పి కొత్తేం కాదు. ఇద్దరు ఒకే చోట ఆక్యుపంక్చర్, అంటే సన్నటి సూదులు గుచ్చే వైద్యం, చేయించుకుంటే ఒకాయన "మస్తు తేలికైందన్నా" అంటాడు, రెండో ఆయన పైసలు దండగ అంటాడు. "నీకు నమ్మకం లేదు, అందుకే పట్టలే" అని తప్పంతా ఈ రెండో ఆయన మీదికే తోస్తారు. అది అన్యాయం.

సూది కండరంలో దిగగానే జివ్వుమంటుంది. ఆ కబురు వెన్నుపాముకు, మెదడుకు చేరితే అక్కడ ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. నొప్పిని తగ్గించే ఈ రసాయనాలు ఒళ్లు తనకు తాను తయారుచేసుకునే మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) లాంటివి. మార్ఫిన్‌ను అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే సూదుల ఉపశమనం కూడా తగ్గిపోతుందని 1970ల్లోనే గమనించారు.

ఈ ఎండార్ఫిన్లకు విరోధి కూడా ఒంట్లోనే ఉంది. పేరు కొలిసిస్టోకైనిన్. అన్నం తిన్నాక పిత్తాశయాన్ని పనిలో పెట్టే రసాయనమే, వెన్నుపాములో మాత్రం ఎండార్ఫిన్ల పని చెడగొడుతుంది. చైనాలో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకలకు సూదుల ద్వారా సన్నగా కరెంటు ఇచ్చి చూసింది. కొన్నిటికి నొప్పి బాగా తగ్గింది, కొన్నిటికి తగ్గనే లేదు. తగ్గని వాటిలో ఈ రసాయనం ఎక్కువగా ఊరుతోంది. దాన్ని అడ్డుకుంటే ఆ మొండి ఎలుకలూ దారికొచ్చాయి. ఎలుకకు నమ్మకం, అపనమ్మకం ఏముంటాయి చెప్పండి! చాయ్ ప్రియులకు ఇంకో ముక్క: సూది గుచ్చిన చోట ఊరే అడెనోసిన్ అనే రసాయనం కూడా నొప్పిని తగ్గిస్తుందని 2010లో తేలింది. చాయ్‌లో ఉండే కెఫీన్ దాని దారికి అడ్డం పడుతుంది, కనీసం ఎలుకల్లో.

అలాగని నమ్మకాన్ని కొట్టిపారేయలేం. జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1,162 మందిపై జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే ఆక్యుపంక్చర్ పద్ధతి చెప్పే అసలు బిందువుల్లో గుచ్చినవాళ్లలో 47.6 శాతానికి, వేరే చోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతానికి, మామూలు వైద్యం పొందినవాళ్లలో 27.4 శాతానికి గుణం కనిపించింది. 'తగ్గుతుంది' అన్న ఆశ కూడా ఎండార్ఫిన్లను కదిలించగలదు. కాబట్టి బిందువుల పటాలు గోడకు వేలాడదీసి చెప్పేదంతా నేనైతే నమ్మను.

మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) నడుములది వేరే లెక్క. ఎముక పెరిగి, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు గట్టిపడి నరాన్ని నొక్కుతుంటే ఎన్ని ఎండార్ఫిన్లు ఊరినా ఆ ఒత్తిడి పోదు. కాళ్లు పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగకపోయినా సూదుల దగ్గరికి కాదు, ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి పోవాలి.