ట్రాన్స్‌జెండర్లు, పోలీసులు: అపోహలు - వాస్తవాలు

సబ్‌ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ట్రాన్స్‌జెండర్లకు పోలీసులు అండగా నిలవడం గురించి స్టేషన్ లోపలా బయటా నేను విన్న మాటలు కొన్నింటిని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: వాళ్లపై ఓ కన్నేసి ఉంచడమే పోలీసుల పని.

వాస్తవం: నిజాం పాలనలో 1919లో వచ్చిన చట్టం, అనుమానితులైన నపుంసకుల పేర్లతో రిజిస్టరు పెట్టమని చెప్పడమే కాక, ఆడవేషంలో వీధిలో కనిపించిన వారిని వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని కూడా ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో. రిజిస్టరు ఎప్పుడో అటకెక్కింది గానీ, అనుమానించే అలవాటు మా శాఖను ఇంకా పూర్తిగా వదలలేదు.

అపోహ: దెబ్బలు తిని వచ్చినా, వాళ్ల గురువును (సమూహానికి పెద్దను) పిలిపించి రాజీ చేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: అండగా నిలబడటం అంటే మొదట ఫిర్యాదును సరిగ్గా రాసుకోవడం. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలోని 18వ సెక్షన్ కొట్టడం, తిట్టడం, ఇంటి నుంచి వెళ్లగొట్టడం, లైంగికంగా వేధించడం వంటి వాటికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించింది. లైంగిక దాడికి సైతం గరిష్ఠం రెండేళ్లే కావడం నా దృష్టిలో అన్యాయం. పైగా మూడేళ్లలోపు శిక్ష కాబట్టి, ఆ సెక్షన్ ఒక్కటే రాస్తే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేము. అందువల్ల దారికి అడ్డగించారా, ఆయుధం వాడారా, డబ్బు లాక్కున్నారా అని ఓపికగా అడిగి, భారతీయ న్యాయ సంహితలోని తగిన సెక్షన్లను కూడా జోడించాలి. వాటిలో ఒక్కటి కాగ్నిజబుల్ (మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం) అయినా కేసు మొత్తాన్ని దర్యాప్తు చేయవచ్చు. ఈ చిన్న మెలకువ తెలియక, స్టేషన్ రైటరు బల్ల దగ్గరే ఆగిపోయిన ఫిర్యాదులను నేను చూశాను.

అపోహ: లింగమార్పిడి ఆపరేషన్ కాగితాలు చూపిస్తేనే ట్రాన్స్‌జెండర్ మహిళను మహిళగా రాయాలి.

వాస్తవం: లింగ గుర్తింపుకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. దెబ్బలు తిన్నవారి ఫిర్యాదు తీసుకోవడానికి ఆ కాగితాలతో అసలు పనే లేదు.

అపోహ: వాళ్లకు అండగా నిలిస్తే, సిగ్నళ్ల దగ్గర బలవంతపు వసూళ్లు చేసేవారికి మనం కొమ్ముకాసినట్టవుతుంది.

వాస్తవం: బెదిరించి వసూలు చేసిన వ్యక్తిపై కేసు పెట్టాల్సిందే. అయితే ఒకరు చేసిన పనికి ఆ కూడలిలో నిలబడిన అందరినీ వ్యాను ఎక్కించడం కుదరదు. 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లోకి తీసుకున్నారు. అలాంటి కూడళ్లలోనే వాహనాలను వాళ్లు క్రమబద్ధీకరిస్తున్నారు.