అక్కడి పురుగు కుట్టదు: సరస్సు పక్క ఇళ్లలో దోమల మందు గొడవ వెనుక కథ

వానలు మొదలైతే చాలు, సరస్సుల పక్క ఊళ్లలో ఈ గొడవ మళ్లీ లేస్తుంది. సాయంత్రం అరుగు మీద కూర్చోలేక ఒకరు దోమల మందు కొట్టేవాళ్లను పిలుస్తారు. వీపుకు మెషీన్ తగిలించుకున్న మనిషి వచ్చి, కంచె వెంబడి పొదల్లో ఆకుల అడుగులు తడిసేలా కొట్టి వెళ్తాడు. పక్కింట్లో తేనెటీగల పెట్టెలుంటాయి, లేదా ఆయన బతుకే చేపల మీద ఉంటుంది. మా వైపు కొట్టొద్దంటాడు. మాటా మాటా పెరుగుతుంది.

దోమ వల్ల మలేరియా వస్తుందని ఎవరు కనిపెట్టారు, డీడీటీ ఎలా వచ్చింది లాంటివన్నీ బళ్లో చదువుకున్నవే. వాటిని దాటేసి 1949 దగ్గర మొదలుపెడదాం. ఈ తగాదా సగం అక్కడే ఉంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అని పెద్ద సరస్సు ఉంది. చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లు దూరాల నుంచి వచ్చేవారు. వేసవి వస్తే దీపాల చుట్టూ చిన్న పురుగులు గుంపులుగా మూగేవి. చూడటానికి దోమలే, దోమలకు దగ్గరి చుట్టాలే. కానీ కుట్టవు, రక్తం తాగవు. మనుషులకు చిరాకు, అంతే.

ఆ చిరాకు పోగొట్టడానికి 1949 సెప్టెంబరులో సరస్సు మొత్తానికి డీడీడీ అనే మందు కలిపారు. అది డీడీటీ జాతిదే. చేపలకు దానంత హాని చేయదని ఏరికోరి తెచ్చారు. నీళ్లెన్నో లెక్కగట్టి 7 కోట్ల పాళ్లకు ఒక్క పాలు చొప్పున కలిపారు. తెలియక, నిర్లక్ష్యంగా చేసిన పని అనడానికి లేదు. అప్పటికి తెలిసిన జాగ్రత్తలు తీసుకున్నారు.

పురుగులు తగ్గి, కొన్నేళ్లకు మళ్లీ వచ్చాయి. 1954లో ఇంకాస్త డోసు పెంచారు, 5 కోట్లకు ఒక పాలు. ఆ చలికాలంలో గ్రీబ్ అనే నీటిపక్షులు చచ్చి తేలడం మొదలైంది. వందకు పైగా పోయాయి. నీటి మీద తేలే గూళ్లు కట్టి, పిల్లలను వీపున మోస్తూ ఈదే పక్షులవి. అంటురోగమేమోనని పరీక్షలు చేశారు, ఏమీ బయటపడలేదు. 1957లో మూడోసారి మందు కలిపారు. మళ్లీ పక్షులు చచ్చాయి. అప్పుడు ఎవరికో వాటి కొవ్వును పరీక్షించాలని తోచింది.

అందులో 10 లక్షల పాళ్లకు 1600 పాళ్ల మందు ఉంది. నీటిలో కలిపిన దానికి 80 వేల రెట్లు. విచిత్రమేమిటంటే, సరస్సు నీళ్లు తీసి చూస్తే కలిపిన కొన్నాళ్లకే మందు జాడ లేదు. నీళ్లు వదిలేసిన మందు కంటికి ఆనని జీవుల్లో చేరింది, వాటిని తిన్న చేపల్లోకి, చేపలను తిన్న పక్షుల్లోకి ఎక్కుతూ పోయింది. వెయ్యికి పైగా జతలుండే గ్రీబులు 1960 నాటికి 30 జతలకు పడిపోయాయి. 1962లో రేచెల్ కార్సన్ అనే అమెరికా రచయిత్రి ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో రాశాక ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. పురుగు మాత్రం డీడీడీకి అలవాటు పడిపోయింది. తర్వాత మిథైల్ పారథియాన్ అనే మరో మందు వాడారు. దానికీ కొన్నాళ్లకు అలవాటు పడింది.

మందు కొట్టేవాళ్లను అడిగితే, అది పాత కాలం సంగతి అంటారు. ఇప్పటి పైరెత్రాయిడ్ మందులు డీడీటీలా కొవ్వులో ఏళ్ల తరబడి పేరుకోవు. నిజమే. కానీ అవి చేపలకు, తేనెటీగలకు గట్టి విషం. నీళ్ల మీద పడనీయొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. పైగా వాటిలో ఒకటైన, 1973లో వచ్చిన పెర్మెత్రిన్ గొప్పతనమే ఎండకు త్వరగా విరిగిపోకుండా నిలవడం. ఆకుల మీద కొట్టింది వారాలపాటు పనిచేస్తుందంటే కారణం అదే. ఆ ఆకుల మీద వాలేది దోమ ఒక్కటే కాదు.

వాళ్ల వైపు ఇంకో వాదన ఉంది: మందు వల్లే కదా మలేరియా పోయింది? అమెరికాలో 1947 జులై నుంచి 1949 చివరి లోపు పల్లె ఇళ్లకు 46 లక్షల 50 వేల సార్లకు పైగా డీడీటీ కొట్టారు. మలేరియా కేసులు పడిపోయిన మాట వాస్తవం. అయితే ఆ కొట్టింది ఇంటి లోపలి గోడలకు, రక్తం తాగి గోడ మీద వాలే దోమ కోసం. పొదలకు కాదు, గట్టు వెంబడి అసలే కాదు.

దానికి ముందే ఇంకో దారి కూడా తొక్కారు. అమెరికాలోనే టెన్నెసీ నది మీద 1933 తర్వాత ఆనకట్టలు వరసగా లేచినప్పుడు ఆ లోయలో 30 శాతం మందికి మలేరియా ఉండేది. అక్కడి జలాశయాల నీటిమట్టాన్ని కావాలనే పెంచుతూ దించుతూ ఉండేవారు. నీళ్లు వెనక్కి తగ్గితే అంచు గడ్డిలోని లార్వా, అంటే నీళ్లలో ఉండే దోమ పిల్లపురుగు, ఒడ్డున పడి ఎండిపోయేది, లేదా గడ్డి చాటు పోయి చేప నోట పడేది. 1947 నాటికి అక్కడ మలేరియా దాదాపు లేకుండా పోయింది.

ఇంతకీ ఇంట్లో కుడుతున్న దోమ సరస్సులోదేనా? అలలు లేచే, చేపలున్న నడి నీళ్లలో దోమ పెరగదు. అంచున గడ్డి, పశువుల గిట్టలు దిగిన గుంటలు, సెప్టిక్ ట్యాంకు మూత సందు, పాత టైరు, పూలకుండీ కింది పళ్లెం, ఇవీ దాని ఇళ్లు. డెంగీ దోమ పుట్టేది ఇంటి చుట్టూ పాత్రల్లోనే. గుర్రపుడెక్క అల్లుకున్న చోట మాన్సోనియా అని ఇంకో రకం ఉంటుంది. దాని లార్వా గాలి కోసం పైకి రాదు, మొక్క వేరుకు గొట్టం గుచ్చి అందులోంచే పీల్చుకుంటుంది. పైన నూనె చల్లినా దానికి తగలదు. డెక్క పీకేయడమే.

1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఉన్న ఒక మడుగు నుంచి బయటపడిన బీటీఐ అనే బ్యాక్టీరియా మరో మార్గం. లార్వా దాన్ని తింటే పేగు చిట్లి చస్తుంది. చేపకు, తేనెటీగకు ఏమీ కాదు. లార్వా తర్వాతి దశలో తిండి మానేసిన ప్యూపా మీద మాత్రం పనిచేయదు, కొన్నాళ్లకోసారి మళ్లీ వేయాలి. అందుకే ఎవరూ పెద్దగా అమ్మజూపరు అనుకుంటాను. పొగ కనపడదు, వాసన రాదు.

పని తెలిసిన మనిషి మొదట తెచ్చేది మెషీన్ కాదు, పొడుగు కాడ ఉన్న తెల్ల గరిటె. గట్టు అంచున, కాలువలో, తొట్టిలో ముంచి లార్వాలెన్నో లెక్కపెడతాడు. తోక పైకెత్తి వేలాడితే ఒక రకం, నీటి పైన అడ్డంగా పడుకుంటే మలేరియా దోమ. ఇళ్లకు ఇచ్చే ఒప్పంద కాగితంలో ఎన్నిసార్లు మందు కొడతారో ఉంటుంది. గరిటె ఎన్నిచోట్ల ముంచారో అడిగి రాయించుకోవాలి.