సప్లయర్ పెట్టుబడితో ప్రోడక్ట్ ఎలా మారుతుంది: అపోహలు - వాస్తవాలు

ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసి పెద్ద కంపెనీలకు సప్లై చేసే పనిలో ఉన్నాను. డిజైన్ వాళ్లతోనూ పర్చేజ్ వాళ్లతోనూ రోజూ మాట్లాడాలి. ఆ మాటల్లో పదే పదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: సప్లయర్ పెట్టుబడి అంటే మెషిన్లు, అచ్చులు.

వాస్తవం: అది కంటికి కనిపించే భాగం. ప్రోడక్ట్‌ను నిజంగా మార్చేది, డ్రాయింగ్ ఖరారు కాకముందు కొనేవాళ్ల డిజైనర్ల పక్కన మా ఇంజనీర్ కూర్చునే ఆ కొన్ని వారాలు. సప్లయర్ల ఇంజనీర్లను 'గెస్ట్ ఇంజనీర్లు'గా తమ ఆఫీసులోనే కూర్చోబెట్టుకునే పద్ధతి టొయోటాలో ఎప్పటి నుంచో ఉంది.

ఒక కవర్ సంగతి చూడండి. గోడ మందం 2 మి.మీ., గట్టిదనం కోసం లోపల పెట్టిన రిబ్ (గోడకు అడ్డంగా లేచి ఉండే సన్నటి పట్టీ) కూడా 2 మి.మీ. డ్రాయింగ్‌లో తప్పేమీ కనిపించదు. కానీ రిబ్ గోడను కలిసే చోట ప్లాస్టిక్ ఎక్కువ పోగవుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది, లోపలికి కుంచించుకుపోతుంది. పైవైపు వేలితో తడిమితే సన్నటి గుంట తగులుతుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే గీతలా కనిపిస్తుంది. రిబ్ మందం గోడలో 50 నుంచి 60 శాతం, అంటే 1 నుంచి 1.2 మి.మీ. ఉంటే ఈ సమస్య చాలావరకు రాదు. డ్రాయింగ్ దశలో ఇది పది నిమిషాల పని. అచ్చు కోసేశాక రిబ్ పలచబడాలంటే అచ్చులోని గాడి సన్నబడాలి, అంటే అక్కడ ఉక్కు చేర్చాలి. ఉక్కును తీసేయడం తేలికే. చేర్చాలంటే మాత్రం వెల్డింగ్ చేసి మళ్లీ కోయాలి, లేదా ఆ ముక్కనే కొత్తగా చేసి పెట్టాలి.

అపోహ: పూర్తి డ్రాయింగ్ ఇచ్చేస్తే మిగతాది సప్లయర్ చూసుకుంటాడు.

వాస్తవం: జపాన్ కార్ల కంపెనీల్లో రెండు రకాల డ్రాయింగులు ఉంటాయి. ఒకటి కంపెనీ గీసి ఇచ్చేది, రెండోది సప్లయర్ గీస్తే కంపెనీ ఆమోదించేది. రెండో రకంలో కంపెనీ ఎంత బరువు, ఎంత సైజు, ఏం పని చేయాలి అన్నది చెబుతుంది. టెస్టింగ్ ఖర్చూ, తలనొప్పీ సప్లయర్‌వి. పార్ట్‌ను కొత్తగా ఆలోచించే చోటు ఉండేది కూడా అందులోనే.

అపోహ: ఒక్క సప్లయర్‌కు దగ్గరైతే కొనే కంపెనీ మునిగిపోతుంది.

వాస్తవం: ప్రమాదం ఉన్న మాట నిజమే. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో టొయోటా సప్లయర్ ఐసిన్ సంస్థ కరియా ఫ్యాక్టరీ కాలిపోయింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్ కోసం టొయోటా దాదాపు పూర్తిగా దాని మీదే ఆధారపడింది. కార్ల తయారీ ఆగిపోయింది. అయినా పదుల కొద్దీ సప్లయర్లు తమ పనులు పక్కన పెట్టి ఆ వాల్వ్ తయారీకి దిగారు. వారం తిరిగేసరికి ఫ్యాక్టరీలు చాలావరకు మళ్లీ నడిచాయి.

అపోహ: సప్లయర్ ఎంత పెట్టుబడి పెడితే ప్రోడక్ట్ అంత బాగా వస్తుంది.

వాస్తవం: ఒక్కరి కోసమే పెట్టిన పెట్టుబడి ఇంకెక్కడా పనికిరాదు. పెట్టేశాక బేరంలో మన మాట చెల్లదు. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఆలివర్ విలియమ్సన్ ఈ చిక్కునే ఏళ్ల తరబడి వివరించారు. 2013లో యాపిల్ కోసం నీలమణి (సఫైర్) అనే, గీతలు సులువుగా పడని పారదర్శక పదార్థం తయారుచేయడానికి జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ ఒప్పుకుంది. యాపిల్ 57.8 కోట్ల డాలర్లు అడ్వాన్స్‌గా ఇచ్చే ఒప్పందం అది, కానీ కనీసం ఇంత కొంటామన్న షరతు యాపిల్‌కు లేదు. 2014 అక్టోబర్‌లో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది.

మాకూ చిన్న స్థాయిలో అలాంటి దెబ్బే తగిలింది. నాలుగు స్క్రూలు అక్కర్లేకుండా క్లిప్పులతో బిగిసే మూత ఒకటి మేం డిజైన్ చేసిచ్చాం. మూడు నెలల పని అది. అదే డ్రాయింగ్‌ను ఆ కంపెనీ ఇంకో ముగ్గురికి కొటేషన్ కోసం పంపింది. ఆ రోజు మా డిజైనర్ ముఖం చూడలేకపోయాను. ఆ తర్వాతి ప్రాజెక్టులో అతనికి ఇంకో మంచి ఆలోచన వచ్చినా మీటింగ్‌లో నోరు విప్పలేదు. ఆ ప్రోడక్ట్ స్క్రూలతోనే బయటికొచ్చింది.

ఇప్పుడు పని మొదలుపెట్టే ముందే రెండు విషయాలు రాసివ్వమంటాం: మా ఆలోచనతో వచ్చిన పార్ట్‌కు మొదటి ఆర్డర్ మాదే కావాలి, అచ్చు ఖర్చు తిరిగి వచ్చేదాకా ఇన్ని పీసులు కొంటామన్న మాట ఉండాలి. రాసిచ్చిన వాళ్ల దగ్గరికి ఆ డిజైనర్‌నే పంపుతున్నాం. రాసివ్వని వాళ్లకు డ్రాయింగ్‌లో ఉన్నది ఉన్నట్టు చేసిస్తాం.