దిష్టి నిజమే, తగవంతా తాయెత్తు దగ్గరే

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యే వేళకు కోనసీమలో చాలా మసీదుల గుమ్మం ముందు చంటిపిల్లలను ఎత్తుకుని ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. వాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. నమాజు చేసి బయటికొచ్చేవాళ్ళు ఏదో చదువుకుంటూ వచ్చి పిల్ల ముఖం మీద ఒకసారి ఊది వెళ్ళిపోతారు. కొందరు సీసాలో నీళ్ళు తెచ్చి ఊదించుకుని పట్టుకెళ్తారు. పిల్ల పాలు తాగడం లేదు, రాత్రంతా ఒకటే ఏడుపు. "దిష్టి కొట్టిందే, సాయిబుల చేత ఊదించుకురా" అని అత్తగారు పంపించి ఉంటుంది.

గుమ్మం బయట ఇంత నమ్మకం ఉంటే, లోపలివాళ్ళ ఇళ్ళల్లో కొన్నేళ్ళుగా ఇదే విషయం మీద రగడ. కువైట్ నుంచి సెలవుకొచ్చిన మేనమామ పిల్లాడి మెడలో తాయెత్తు చూసి పుటుక్కున తెంపేస్తాడు. నానీ, అంటే అమ్మమ్మ, ఏడుస్తుంది. "ఇస్లాంలో దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఇదంతా ఊళ్ళో వాళ్ళ దగ్గర నేర్చుకున్నది" అంటాడతను. ఇలాంటి తగువులు మా చుట్టాల ఇళ్ళల్లో రెండు మూడు చూశాను. అతని మాటలో సగం తప్పు. మిగతా సగం గురించి పండితులే తరతరాలుగా తేల్చుకోలేదు.

ముందు తప్పు సంగతి. "కన్ను తగలడం నిజం" అని ప్రవక్త అన్నట్టు బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ (ప్రవక్త మాటలు, చేతల సంకలనాలు) ఉంది. విధిని దాటిపోగలిగేది ఏదైనా ఉంటే అది కన్నే అయ్యుండేది అని ముస్లిం గ్రంథంలోనే ఇంకో హదీసు. ఖురాన్‌లో 113వ సూరా (అధ్యాయం) ఫలఖ్, అసూయపడేవాడు అసూయపడినప్పుడు కలిగే కీడు నుంచి శరణు కోరమంటుంది. 12వ సూరాలో యాకూబ్ ప్రవక్త కొడుకులను ఒకే ద్వారంలోంచి కాకుండా వేర్వేరు ద్వారాల్లోంచి ఊళ్ళోకి వెళ్ళమంటాడు. అంతమంది అందగాళ్ళు గుంపుగా కనిపిస్తే జనం కళ్ళు పడతాయని తండ్రి భయం అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్పారు. పదో శతాబ్దం మొదట్లో పోయిన తర్కానికి పెద్దపీట వేసే ముతజిలా వర్గపు పండితుడు అబూ అలీ జుబ్బాయీ మాత్రం దిష్టి అనేదే లేదు పొమ్మన్నాడు. కానీ ఆ మాట నిలబడలేదు.

దిష్టికి ఉర్దూలో వాడే 'నజర్' అనే మాట కూడా ఆ హదీసుల్లోదే. ప్రవక్త భార్య ఉమ్మె సలమా గారి ఇంట్లో ఒక అమ్మాయి ముఖం మీద నల్లటి మచ్చ కనిపిస్తే, "దీనికి నజర్ తగిలింది, చదివి ఊదించండి" అని ప్రవక్త చెప్పినట్టు బుఖారీలో ఉంది. అంటే గుమ్మం ముందు నిలబడ్డ ఆ తల్లి అడుగుతున్న సాయం మరీ పరాయిదేమీ కాదు.

అన్నిటికన్నా నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఇమాం మాలిక్ కూర్చిన హదీసు గ్రంథం ముఅత్తాలోని సహల్ కథ. మదీనా దగ్గర ఖర్రార్ అనే చోట సహల్ బిన్ హునైఫ్ స్నానానికి పైబట్ట తీశాడు. మంచి తెల్లటి మనిషి. పక్కనే ఉన్న ఆమిర్ బిన్ రబీఆ, "ఇలాంటి ఒళ్ళు కన్నెపిల్లకు కూడా చూడలేదు" అన్నాడు. సహల్ అక్కడికక్కడే కూలబడ్డాడు, తల ఎత్తలేకపోయాడు. ప్రవక్తకు కబురు వెళ్ళింది. ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగితే ఆమిర్ పేరు చెప్పారు. ప్రవక్తకు కోపం వచ్చింది. "మీలో ఒకడు తన సోదరుణ్ణి ఎందుకు చంపుకోవాలి? బర్కత్ (శుభం) కలగాలని ఎందుకు అనలేదు?" అన్నారు. ఆమిర్‌ను కడుక్కోమన్నారు. ముఖం, చేతులు, మోచేతులు, మోకాళ్ళు, పాదాలు కడిగిన ఆ నీళ్ళు గిన్నెలో పట్టి సహల్ మీద పోశారు. సహల్ లేచి అందరితో పాటు నడిచి వెళ్ళాడు.

ఇద్దరూ బద్ర్ యుద్ధంలో ప్రవక్త వెంట ఉన్నవాళ్ళే. పగలేదు, కుళ్ళు కూడా లేదు. నచ్చింది, నోరు జారాడు. పైగా వైద్యం మొదలయ్యింది చూసినవాడి ఒంటి మీద. మన దగ్గర మిరపకాయలు నిప్పుల్లో వేసి, ఘాటు రాకపోతే "అమ్మో, ఎంత దిష్టి!" అని పక్కింటివాళ్ళ వైపు ఓరగా చూస్తాం. ఎవరి పేరూ బయటికి అనం గానీ మనసులో ఒక పేరు ఉండనే ఉంటుంది. పద్నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ అందుకేనేమో ఒక తేడా చూపించాడు. చేతబడితో చంపినవాడికి మరణశిక్ష ఉండొచ్చు గానీ కంటితో చంపినవాడికి ఉండదు, అది అతని ఇష్టంతో జరిగేది కాదు కాబట్టి అని.

మరి బుగ్గ మీద దిష్టిచుక్క? అది ఖాయంగా తెలుగువాళ్ళదే అనుకునేవాణ్ణి. కానీ 1350లో డమాస్కస్‌లో పోయిన పండితుడు ఇబ్నుల్ ఖయ్యిం తన జాదుల్ మఆద్ అనే పుస్తకంలో ఒక పాత ఉదంతం చెప్పాడు. ఖలీఫా ఉస్మాన్ ఒక ముద్దొచ్చే పిల్లాణ్ణి చూసి, దిష్టి తగలకుండా వాడి గడ్డం సొట్టకు నలుపు పూయమన్నాడట. నానీ పెట్టే కాటుక చుక్కకు మదీనాలో ఒక అక్క ఉందన్నమాట.

అసలు తగువు తాయెత్తు దగ్గరే. "తాయెత్తు వేలాడదీసుకున్నవాడు షిర్క్ చేశాడు", అంటే దేవుడికి సాటి కల్పించాడు, అని ఉఖ్బా బిన్ ఆమిర్ చెప్పిన హదీసు ముస్నద్ అహ్మద్ అనే సంకలనంలో ఉంది. ఒంటెల మెడల్లో కట్టిన వింటినారులు కోసేయమని ప్రవక్త కబురు పంపారని బుఖారీలో ఉంది. అవి దిష్టి కోసం కట్టినవే అనుకుంటానని ఇమాం మాలిక్ అన్నాడు. ప్రవక్త అనుచరుడు ఇబ్న్ మసూద్ అయితే తన భార్య మెడలో దారం చూసి తెంపేశాడు. మంత్రం వేయించుకుంటే కన్ను అదరడం తగ్గింది కదా అని ఆవిడ ఎదురు చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. కువైట్ మేనమామకు తెలుసో లేదో గానీ, ఈ గొడవ వాళ్ళింట్లో మొదలైంది కాదు.

రెండో పక్షానికీ ఆధారం ఉంది. ప్రవక్త అనుచరుల్లోనే మరొకరు అబ్దుల్లా బిన్ అమ్ర్ తన పెద్దపిల్లలకు శరణు కోరే దువా (ప్రార్థన) నేర్పేవాడు, చదవలేని చిన్నపిల్లలకు అదే రాసి మెడలో వేసేవాడు. అందుకే ఖురాన్ వాక్యాలే రాసి ఉంటే ఫరవాలేదని కొందరు పెద్దలన్నారు. నా మటుకు నాకు ఒక మాట తమాషాగా అనిపిస్తుంది. తాయెత్తుకు ఉర్దూలో తావీజు అంటారు. అది అరబీలో 'శరణు' అనే ధాతువులోంచి వచ్చింది. సూరా ఫలఖ్ మొదలయ్యే 'ఖుల్ అవూజు'లోని అవూజుదీ ఆ ధాతువే. తాయెత్తు తీసేసి ఖుల్ (ఆ మాటతో మొదలయ్యే చిన్న సూరాలు) చదువు అనేవాళ్ళు పేరును మాత్రం తీసేయలేదు.

గోదావరి సీమలో ఇస్లాం జాడ పాతదే. రాజమండ్రి మసీదు గుమ్మం మీద పారశీక శాసనం 1324 నాటిది. పదహారో శతాబ్దంలో గోల్కొండ పాలన వచ్చింది. ఇన్ని వందల ఏళ్ళలో ఎవరి దగ్గర ఎవరు ఏం తీసుకున్నారో విడదీయడం కష్టం. నూర్‌బాషాలు, అంటే దూదేకులవాళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "నరుడి కంటికి నల్లరాయి పగులుతుంది" అనే సామెత వాళ్ళదీ. అరబ్బులు "కన్ను మనిషిని గోరీలోకి, ఒంటెను కుండలోకి దింపుతుంది" అంటారు. రాయి పోయి ఒంటె వచ్చింది, అంతే. అటు నుంచి ఇటు వచ్చినవీ ఉన్నాయి. నెమలీకల కట్ట, సాంబ్రాణి పొగతో దుకాణాల ముందు తిరిగే ఫకీరు దగ్గర ముందు తల వంచేది కోమట్ల కొట్లోని షావుకారే.

మార్పు గల్ఫ్ దారిలో వచ్చింది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఆడా మగా కువైట్, దుబాయ్ వెళ్ళారు. అక్కడ తాయెత్తు కట్టుకుంటే తప్పు పట్టేవాళ్ళు కనిపించారు. ఖురాన్, హదీసులు తెలుగులోకి రావడంతో ఉర్దూ రానివాళ్ళు కూడా సొంతంగా చదివి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. మత ప్రచార బృందమైన తబ్లీగీ జమాత్ వాళ్ళు ఊరూరా తిరిగి ఇళ్ళల్లోని అలవాట్లను గుచ్చి గుచ్చి అడిగారు. ఇంకోపక్క ఫ్యాన్సీ షాపుల్లో నీలం కన్ను పూసల బ్రేస్‌లెట్లు వేలాడుతున్నాయి. తాయెత్తు వద్దన్న ఇంట్లోనే ఆడపిల్ల చేతికి అది ఉంటుంది. ఫ్యాషన్ కదా అంటారు.

నానీ మాత్రం రాజీ కుదుర్చుకుంది. తాయెత్తు తెగిపోయాక మళ్ళీ కట్టలేదు. పొద్దుగూకాక గుప్పిట్లో రాళ్ళ ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు పట్టుకుని, నాలుగు ఖుల్‌లు చదివి, పిల్లాడి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేస్తుంది. కొడుకు చూస్తే "నేను దువానే చదివాను కదరా" అంటుంది.